ఖరిదా ఇండ్లకు తెలుగు తెర

ఖరగ్‌పురమునందలి ఖరిదాలో తెలుగుమాట క్రొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి కొలువులకై కోస్తా జిల్లాలు వీడి వచ్చినవారి సంతతి ఆ పట్టణమున తరతరములుగా నివసించుచున్నది. అట్టి ఇండ్లకు తెలుగు టెలివిజన్ ఆలస్యముగా చేరుటకు కారణమేమి? సమాధానము తరంగముల చరిత్రలో కలదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. రేడియో మధ్యతరంగములు రాత్రివేళ పైవాతావరణమును తాకి మరలివచ్చి బహుదూరము పోగలవు. టెలివిజన్ తరంగముల స్వభావము వేరు.

బ్రిటన్ 1936లో 405 గీతల చిత్రముతో ప్రసారము సాగించినది. అమెరికా 525 గీతలను, ఫ్రాన్సు 819 గీతలను ఎన్నుకొన్నవి. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రసారములు ఆరంభించిన మన దేశము ఐరోపాలో పెక్కు దేశములు పాటించిన 625 గీతల పద్ధతిని స్వీకరించినది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. దానికి తగినట్లు సెకనుకు 25 చిత్రములు. ఛానలుకు 7 మెగాహెర్ట్జుల వెడల్పు. 1982లో ‘పాల్’ పద్ధతిన రంగులు వచ్చినను, పాత నలుపు తెలుపు పెట్టెలు మూలబడలేదు.

ఈ ఏకరూపత వలన ఖరిదాలో కొన్న పెట్టె శ్రీకాకుళములోను పనిచేసెడిది. కాని కేంద్రముల ప్రసారములు 47–68, 174–230 మెగాహెర్ట్జుల పట్టీలలో సాగినవి. ఆ తరంగములు ఇంచుమించు చూపుమేర సూటిగా పోవును. 1975 ఆగస్టు 9న ఆరంభమైన కలకత్తా కేంద్రమే ఖరగ్‌పురమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. 1977 అక్టోబరు 23న మొదలైన హైదరాబాదు కేంద్రపు తరంగము ఖరిదా చేరుట అసంభవము. తరంగముల పంపకము ప్రాంతములనుబట్టి జరిగినది. మనుష్యులు మాత్రము రైలుపట్టాలవెంట కదలిపోయిరి.

దూరమును జయించు త్రోవను 1975–76లో అమెరికా ఉపగ్రహముతో జరిగిన ‘సైట్’ ప్రయోగము చూపినది. అది చేరిన ఆరు రాష్ట్రముల 2,400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ పల్లెలును ఉండెను. 1995 ఆగస్టు 27న ఈటీవీ ఉపగ్రహముద్వారా తెలుగు ప్రసారములు ప్రారంభించినది. ఉపగ్రహపు తరంగమును పాత పెట్టె నేరుగా అందుకొనజాలదు. కేబుల్‌వారు పెద్ద గిన్నె ఏంటెనాతో పట్టి, అలవాటైన 625 గీతల సంకేతముగా మార్చి తీగపై ఇంటింటికి పంపిరి. కలకత్తా కార్యక్రమములకై కొన్న పెట్టెయే తెలుగు పలుకగలిగెను.

2022 నాటికి దూరదర్శన్ అనలాగ్ భూతల ప్రసారములు స్వల్పసంఖ్యాక కేంద్రములందు తప్ప ముగిసినవి. ఆ చరిత్ర నేర్పిన సత్యమొకటి: ప్రమాణము దేశమునంతటిని కలుపగలదు; ప్రవాసుల భాషకు మాత్రము వేరుగా బాట వేయవలెను. ఆ బాట నేడున్నది. తెరపై విన్న భాషను పిల్లలకు చదువుట, వ్రాయుట నేర్పు భారము మన ఇండ్లదే.