కోఠి రెసిడెన్సీ: జెనానా నుంచి మహిళా విశ్వవిద్యాలయం వరకు

హయత్‌నగర్ నుంచి కోఠి వెళ్లే బస్సు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా వచ్చి చాదర్‌ఘాట్ వద్ద మూసీ దాటుతుంది. ఆవలి ఒడ్డున ఉన్న మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు నివాసం. 'కోఠి' అంటే పెద్ద భవనం. ఆ నివాసంలో స్త్రీలకు ఏ కాలంలో ఎక్కడ చోటు దొరికిందో ఈ పాఠంలో చూద్దాం.

1798 నుంచి 1805 వరకు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవన నిర్మాణానికి పూనుకున్నాడు. ఎత్తయిన స్తంభాలు, విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపులా సింహాలు, అన్నీ అధికారాన్ని చాటేవే. ఆయన హైదరాబాదులోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పరదా పాటించేది. ఆమె కోసం ప్రాంగణంలోనే రంగమహల్ అనే జెనానా వెలిసింది. పెద్ద భవనం ముందుభాగాన్ని చూడలేని భార్య కోసం దాని చిన్న నమూనాను కట్టించాడని జనం చెప్పుకుంటారు. నమూనా నిజంగానే ఉంది. కారణం మాత్రం జనశ్రుతి. చరిత్ర విద్యార్థులు ఈ రెంటినీ కలపకూడదు.

1805లో ఐదేళ్లయినా నిండని ఇద్దరు పిల్లలను ఇంగ్లండు పంపేశారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. 1813లో కన్నుమూసిన ఖైరున్నిసా పిల్లలను మళ్లీ చూడనేలేదు. తర్వాతి కాలంలో రంగమహల్‌ను కూల్చివేశారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడి పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. జెనానా ప్రస్తావన అరుదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల 1924లో మొదలైంది. బ్రిటిష్‌వారు వెళ్లిపోయాక, 1949లో, అది ఈ భవనంలోకి మారింది. ఒకప్పుడు దొరలు, నవాబులు ఎక్కిన మెట్లను విద్యార్థినులు ఎక్కసాగారు.

అయితే తరగతిగది ఒక్కటే చాలదు. ఆడపిల్ల విషయంలో 'సీటు వచ్చిందా?' కన్నా ముందు 'ఎక్కడుంటుంది?' అని ఇంట్లో అడుగుతారు. హయత్‌నగర్ అమ్మాయి సాయంత్రానికి బస్సులో ఇల్లు చేరుతుంది. మహబూబ్‌నగర్ పల్లె నుంచి వచ్చే అమ్మాయికి హాస్టల్లో మంచం దొరికితేనే డిగ్రీ. ఇంటి నుంచే చదువుతున్న మీకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. ప్రాంగణంలోని హాస్టళ్లను భవన చరిత్రలో భాగంగానే లెక్కించాలి.

2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన పొలం, పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన స్త్రీ ఆమె.

అభ్యాసం: మీ మండలంలో మొదటి బాలికల హాస్టల్ ఎప్పుడు వచ్చింది? అంతకుముందు పై చదువులకు వెళ్లిన అమ్మాయిలు ఎక్కడ ఉండేవారు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.