కరువు సీమ ఛాయాచిత్రములు

అనంతపురము 1882లో బళ్ళారి నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయ్యెను. అంతకు ఆరేండ్ల ముందు, 1876లో, ఆ మెట్టభూములలో వానలు తప్పెను. తెలుగు సంవత్సరము పేరు ధాత గనుక మనవారు దానిని ధాత కరువు అనిరి. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతమున ఏబది లక్షలకు పైగా మరణించిరని అంచనా. మదరాసు రాజధానిలో ఆ కరువును కెమెరాతో పట్టినవారిలో ముఖ్యుడు విల్లోబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి. ఎముకల గూళ్ళవంటి మనుష్యులను గుంపుగా చూపు ఆ చిత్రములు నేటికిని కలవరపెట్టును.

కాని జాలిపడుటతో చరిత్ర పాఠము ముగియదు. ఈ బొమ్మ యెట్లు తీసిరి అని ముందు అడుగవలెను.

ఆనాడు ఫిల్ము లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతియే వాడుక. గాజుపలకపై కొలోడియను అను జిగురు ద్రవమును పోసి, చీకటిలో సిల్వరు నైట్రేటు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెంటనే కడుగవలెను. సుమారు పది నిమిషములు దాటినచో పలక వ్యర్థము. మన ఎండలలో ఆ గడువు ఇంకను తగ్గును. అందుచే చీకటి గుడారమును, సీసాలను, నీటిని వెంట మోయించుకొని పోవలసి యుండెను. జనులకు నీరు కరవైన చోట బొమ్మకు నీరు కావలసి వచ్చినది!

బొమ్మ పడుటకు కొన్ని సెకండ్లు పట్టును. కదలిన చేయి మసకబారును. కనుక నిలువలేనివారిని సైతము అమర్చి, కదలవద్దని చెప్పక తప్పదు. ఆ చిత్రములలోని నిశ్చలత యంతయు నీరసము వలన వచ్చినది కాదు, కొంత పలక వలన వచ్చినది. హూపర్ మనసు వేరు సంగతి. 1886లో బర్మాలో మరణశిక్షలు అమలగు క్షణమున ఫోటోలు తీసెనని ఆయనపై విచారణ జరిగెను.

బొమ్మలో లేనిదియు చరిత్రయే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనులలోని కూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము చాలుననెను. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదిరించిన మీదట ఆ కొలత పెరిగినది. ఈ తగవు ఏ పలకపైనను పడలేదు.

అమెరికాలోను కరువు బొమ్మలు కలవు. 1935 నుండి రాయ్ స్ట్రైకర్ పర్యవేక్షణలో ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు పల్లెలు తిరిగి వంటయిండ్లు, అంగళ్ళు, దుమ్ము కప్పిన పొలములు చిత్రించిరి. అందు సుమారు 1,75,000 నెగటివులు వారి జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. తనకు నచ్చని నెగటివులకు స్ట్రైకర్ బెజ్జములు కొట్టించెడివాడు! 1936లో ఆర్థర్ రోత్‌స్టీన్ ఒక ఎద్దు పుర్రెను కొన్ని అడుగులు జరిపి చిత్రించినందుకు పత్రికలు దుమారము లేపినవి. పుర్రె జరిగిన మాట నిజము, కరువును నిజమే. సాక్ష్యమును తూచు నేర్పు విద్యార్థులకు ఇట్టి చోటనే అలవడును.

దీనికై అమెరికా పోనక్కరలేదు. 1950 ప్రాంతపు మన ఇంటి ఫోటోలు చూడుడు. తాత ముఖమున కంటె వెనుకనున్న వస్తువులలో నాకు ఎక్కువ రుచి: ఎద్దులు లాగు కపిల, తోలు బాన, అరుగు మీది బండలు, స్టూడియో తెరపై గీసిన చెరువు. కరువు సీమవారు గీసిన చెరువు ముందు నిలిచి ఫోటో దిగుట చిన్న విషయము కాదు.

దిగుడు బావి కనబడు పాత ఫోటో దొరికినచో ఉపాధ్యాయులు వదలరాదు. అందు నీటికి పైన ఎన్ని మెట్లు కలవో లెక్కింపుడు. బావి నిలిచియున్నచో పిల్లలతో పోయి ఒక మెట్టు ఎత్తు కొలిచి గుణింపుడు. నాటి నీరు ఎంత లోతున నుండెనో తెలియును. ఫోటో తీసిన నెలను పెద్దలను అడిగి వెనుక వ్రాసి యుంచుడు. వేసవి నీరు వేరు, కార్తికపు నీరు వేరు.