మెకంజీ యను ఇంటిపేరు



పూర్వులు ఏ యూరినుండి వలస వచ్చిరో ఆ యూరి పేరే ఇంటిపేరుగా నిలిచిన కుటుంబములు మనలో లెక్కకు మిక్కిలిగా కలవు. ఊరు విడిచి నూఱామడ పోయినను ఊరిపేరు వెంట వచ్చును. స్కాట్లండు దేశపు కొండసీమలో పద్ధతి వేఱు. అక్కడ తండ్రిపేరో తాతపేరో వంశనామమయ్యెను. ఆ వంశమువారు దేశాంతరములకు పోగా వారి పేరు అక్కడి యేఱులకును బీళ్లకును అంటుకొనెను. అట్టి పేరులలో ఒకటి మన గ్రామచరిత్రలతో ముడివడి యున్నది. అదియే మెకంజీ. నేడు ఆ పేరు కథ మనవి చేసెదను.

కొండసీమవారి గేలిక్ భాషలో 'మక్' అనగా కుమారుడు. 'కొయిన్నిఖ్' అనునది ఒక పురుషుని పేరు. సుందరుడని దాని యర్థము. ఇంగ్లీషువారు కెన్నెత్ అందురు. కావున మెకంజీ యనగా కెన్నెత్తు కొడుకు, అంతే. ఆడుబిడ్డ యైనచో 'మక్' పోయి 'నిక్' వచ్చును. మఱి ఇందులో జకారమెక్కడిదని మీరడుగవచ్చును. పూర్వము స్కాట్లండువారి లిపిలో యకారమువంటి ధ్వనికి తోకగల అక్షరమొకటి యుండెడిది. అచ్చుకూటములు వచ్చిన పిమ్మట అక్షరపు పెట్టెలలో అది లేకపోయెను. అచ్చువారు దానిని పోలిన జకారపు అచ్చును పెట్టి పని జరుపుకొనిరి. ఒకప్పుడు 'మెకింగీ' యని పలికెడివారట. అచ్చును చూచి చదువగా చదువగా నోరు సయితము మారినది. తాటాకుప్రతిలో లేఖకుడు ఒక యక్షరమును మఱొకటిగా చదివినచో వంశవృక్షమే తలక్రిందగుట మన పెద్ద లెఱిగినదే కదా.

ఈ వంశపు నాయకుల మూలస్థానము స్కాట్లండు పడమటి తీరమందలి కిన్‌టెయిల్ సీమ. ఐలన్ డోనన్ అను కోట వారిది. అయితే మెకంజీ లందఱును ఒక్క కెన్నెత్తు సంతతివారని తలపరాదు. దొరను ఆశ్రయించి భూమి దున్నుకొన్న రైతులలో అనేకులు దొర పేరునే తమ పేరుగా చేసికొనిరి. రక్తము వేఱైనను పేరొకటి యయ్యెను. పేరు కత్తితోను పెరిగినది. 1610వ సంవత్సరమున కిన్‌టెయిల్ దొర, మెక్లౌడ్ వంశమువారి చేతినుండి లూయిస్ అను ద్వీపమును వశపఱచుకొనెను. 1623లో ఆ కుటుంబమునకు సీఫోర్త్ ప్రభువులను బిరుదు కలిగినది. ఈ లూయిస్ ద్వీపమును, అందలి స్టోర్నవే యను రేవుపట్టణమును జ్ఞాపకముంచుకొనుడు.

1778లో కెన్నెత్ మెకంజీ యను సీఫోర్త్ ప్రభువు తన రైతులనుండి ఒక పటాలమును కూర్చెను. అది ఎడింబరో నగరము చేరగానే, తమ్ము తూర్పిండియా కంపెనీకి అమ్మివేసిరని సిపాయిలలో వదంతి పుట్టినది. రావలసిన జీతము ముట్టలేదు. వారు ఓడ యెక్కమని పట్టుపట్టి, నగరమునకు ప్రక్కనున్న కొండమీదికి పోయి కూర్చుండిరి. ఊరివారు జాలిదలచి తినుటకు పంపుచుండిరి. తుదకు దొరలు దిగివచ్చి, తప్పు మన్నించెదమనియు, బాకీ చెల్లించెదమనియు, తూర్పిండియాకు పంపమనియు మాటయిచ్చిరి. మూడేండ్లు తిరుగలేదు, 1781లో ఆ పటాలమునే ఓడలెక్కించి మన దేశమునకు పంపిరి. త్రోవలో సెంట్ హెలీనా ద్వీప ప్రాంతమున ప్రభువే మరణించెను. పచ్చికూరలు లేక వచ్చెడి స్కర్వీ యను వ్యాధిచే ఇంచుమించు రెండువందలయేబది మంది గతించిరి. 1782 ఏప్రిలులో మదరాసు రేవున దిగినవారిలో ఆయుధము పట్టజాలినవారు సగమైనను లేరు. నాయకుని పేరు ధరించినందులకు ఆ బీదరైతులు చెల్లించిన కప్పము అది. ఇచ్చిన మాట తప్పినవారి పేరులు మాత్రము బిరుదులతో సహా చరిత్రలో నిలిచియున్నవి.

తరువాతి నాయకులలో ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ ప్రసిద్ధుడు. బాల్యమున జ్వరము తగిలి చెవులు వినబడకపోయినను పటాలములు కూర్చెను. బార్బడోసు ద్వీపమునకు గవర్నరుగా పనిచేసెను. ఆయన కన్నుల యెదుటనే నలుగురు కుమారులును చనిపోయిరి. ఆయనయు 1815 జనవరిలో గతించెను. పెద్దకుమార్తె మేరీ భర్తయైన నౌకాసేనాని సర్ శామ్యూల్ హుడ్ అంతకు పదునెనిమిది దినములకు ముందే మన మదరాసులో మరణించియుండెను. తండ్రియు భర్తయు లేని ఆమెకు సంస్థానము సంక్రమించినది. 1817లో ఆమె స్టూవర్ట్ అను నాతని మరల వివాహమాడగా, ఆతడే తన పేరు చివర మెకంజీ యని చేర్చుకొనెను. మన ఇల్లరికపుటల్లుని వంటిదే యిదియు. చెవిటి నాయకునితో ఈ వంశము అంతరించునని ఒక సోదెకాడు పూర్వమే పలికెనని యచ్చట చెప్పుకొందురు. మనవారు వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమును చెప్పుకొనునట్లే. కాని ఆతని జోస్యములను కూర్చిన పుస్తకము అచ్చుపడినది 1877లో, అనగా సర్వము జరిగిపోయిన అఱువదేండ్లకు. దానిని కూర్చినవాడును ఒక మెకంజీయే!

ఇక స్టోర్నవే పట్టణమునకు వత్తము. చలిగాలియు, చేపల వాసనయు, బీదతనమును గల ఆ చిన్న రేవులో పదేండ్ల యెడముగా ఇద్దఱు మెకంజీలు పుట్టిరి. ఒకడు 1764లో పుట్టిన అలెగ్జాండర్. బాల్యముననే తండ్రితో అమెరికాకు పోయి, కెనడాలో తోళ్ల వర్తకములో చేరెను. 1789లో పడవలపై ఒక మహానదివెంబడి ఉత్తరసముద్రము వఱకును పోయెను. 1793లో కొండలు దాటి పడమటి సముద్రము చేరి, అచ్చట ఒక శిలపై ఎఱ్ఱరంగుతో తన పేరును తేదీని వ్రాసెను. ఆ నదిని నేడు లోకము మెకంజీ నది యనుచున్నది. పిల్లయేఱులను కలుపకయే వేయి మైళ్లకు పైబడినది. మన కృష్ణవేణికంటె దీర్ఘము. అయితే దాని యొడ్డున తరతరములుగా కాపురమున్న దెనె జాతివారు దానిని 'దెహ్ చో', అనగా పెద్దయేఱు అందురు. వారి యేటికి పేరు లేదని యెవ్వరు చెప్పిరి?

ఇట్టి చోటులు మఱికొన్ని కలవు. న్యూజీలండులోని మెకంజీ మైదానము దొరపేరు ధరించినది కాదు. 1855లో వేయి గొఱ్ఱెలతో పట్టువడిన జేమ్స్ మెకంజీ యను గొఱ్ఱెలకాపరి పేరది. దొంగతనమని శిక్ష వేసి, మఱుసటి యేటనే క్షమించి విడిచిరి. ఆతని కుక్క తెలివిని గూర్చి ఆ దేశమున ఇప్పటికిని కథలు చెప్పుకొందురు. కెనడాకు 1873 మొదలు 1878 వఱకు ప్రధానమంత్రిగా నున్న మఱొక అలెగ్జాండర్ మెకంజీ, తొలుత రాళ్లు చెక్కి బ్రదికిన కూలి.

స్టోర్నవేలో పుట్టిన రెండవవాడు కాలిన్ మెకంజీ. 1754 ప్రాంతమున జన్మించి, ఆ రేవులోనే సుంకపు కచ్చేరిలో ఉద్యోగము చేసి, 1783లో మదరాసు చేరెను. మరల పుట్టినయూరు చూడలేదు. కంపెనీ సేనలో ఇంజనీరై, మైసూరు రాజ్యమును కొలిచి, 1815లో హిందూదేశమునకంతకును సర్వేయరు జనరల్ అయ్యెను. ఆతనికి మన భాషలు రావు. ఆ సంగతిని ఆతడే ఒప్పుకొనెను. ఏలూరివారైన కావలి వెంకట బొఱ్ఱయ్యగారు చేరిన పిమ్మటనే తనకు హైందవ విజ్ఞానపు వాకిలి తెఱచుకొన్నదని వ్రాసికొనెను. బొఱ్ఱయ్యగారు 1803లో చిన్నవయసుననే గతింపగా, తమ్ముడు లక్ష్మయ్యగారు ఆ పని చేపట్టిరి. మఱొక తమ్ముడు రామస్వామిగారు 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున ప్రకటించిరి.

వీరి మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల దండకవిలెలు చూచి, వృద్ధుల నడిగి, శాసనములకు నకళ్లు తీసిరి. గ్రామము ఎవరు కట్టించిరి, ఆ పేరెట్లు వచ్చెను, దేవళమునకు మాన్యమెవరిచ్చిరి, చెఱువెప్పుడు తెగెను అను సంగతులన్నియు వ్రాసికొనిరి. వానినే మనము కైఫీయత్తు లందుము. దొరగారి కొలత కంపెనీ యుద్ధములకును పన్నులకును పనికివచ్చినది. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. కాని ఆ కొలతగొలుసు వెంట మన ఊళ్ల కథలును కాగితమెక్కినవి. అలెగ్జాండర్ రాతిపై తన పేరు వ్రాసెను. కాలిన్ మన పేరులను, మనవారి చేతనే, మన భాషలోనే వ్రాయించెను. నాకీ భేదము చిన్నదిగా తోచదు.

1821 మేలో కలకత్తాలో ఆతడు మరణించునాటికి శాసనపు నకళ్లే ఎనిమిదివేలు దాటినవి. స్థలచరిత్రలు రెండువేలకు పైగా నుండెను. కంపెనీవారు వాని నన్నిటిని లక్ష రూపాయలకు కొనిరి. మిగిలిన పనిని తాను సాగించెదనని లక్ష్మయ్యగారు కోరగా, కలకత్తాలోని పండితసభవారు ఆయనకు తగిన యోగ్యత లేదని త్రోసిపుచ్చిరి. ఇరువదేండ్లు ఆ పనిని మోసినవాని కంటె యోగ్యుడెవడో వారు సెలవీయలేదు. ప్రతులు పురుగుపట్టి చెడుచుండగా, సి. పి. బ్రౌను దొర మన తెలుగు కైఫీయత్తులను ఎత్తివ్రాయించి బైండు చేయించెను. నేడవి చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. కడప జిల్లావానిని ఆ యూరి బ్రౌన్ పరిశోధన కేంద్రమువారు సంపుటములుగా అచ్చువేసిరి. ఆ సీమ పెద్దలు తమ గ్రామము పేరు వెదకి చూచికొనవచ్చును. తమ తాతముత్తాతలలో ఎవరి వాఙ్మూలమైనను అందు దొరకవచ్చును.