అవ్వ చింతమొద్దు

ఈరోజు మన అనంతపురం ఇళ్లల్లో మాంసం కొట్టే చింతమొద్దు కథ చెప్తా. చింతచెక్క గట్టిది, కత్తి దెబ్బకు తొందరగా చీలదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే సీమ మనది. అందుకే మా అవ్వ మొద్దును కత్తితో గీకి, రాళ్లుప్పు రుద్ది, చెంబెడు నీళ్లతో కడిగి, ఎండకు పెట్టేది. నేనేమో అది మురికనుకొని ప్లాస్టిక్ బోర్డు తెచ్చా.

1990లలో అమెరికా శాస్త్రవేత్త డీన్ క్లైవర్ రెండింటినీ పరీక్షించారు. చెక్కలోకి ఇంకిన బ్యాక్టీరియా చాలావరకు పైకి రాకుండా లోపలే చచ్చిపోయింది. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్‌ను చేత్తో కడిగి శుభ్రం చేయడమే కష్టమైంది!

పచ్చిమాంసం కోశాక సబ్బునీళ్లు తప్పవు. ఆ తర్వాత తడి ఉంచొద్దు, అంతే. అవ్వ ఇప్పుడు లేదు. మొద్దును మాత్రం మళ్లీ ఎండకు పెట్టా.