మాస్కు లోపలి వైపు

మా చెల్లెలి కొడుక్కి ఏడేళ్ళు. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉందని పదిరోజుల ముందు చెప్పాడు. ఏం వేషం వేస్తావురా అంటే, "రోబో, మామయ్యా. కళ్ళు వెలగాలి. నీలంగా వెలగాలి," అన్నాడు. అలాంటివి ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి, రెండ్రోజుల్లో ఇంటికొచ్చేస్తాయి. అయినా నేనే చేసిస్తానని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే అది వాడి మీద ప్రేమతో ఇచ్చిన మాట కాదు. 1986లో తెనాలిలో నేను వేసిన రోబో వేషం మీద ప్రేమ అది.

నాన్నది రేడియో రిపేరు కొట్టు. సబ్బుల అట్టపెట్టెకి చేతులు పట్టేలా కంతలు కోసి, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాలు అతికించి నాకు ఒంటికి తొడిగాడు. మొహానికి ఇంకో అట్ట. కళ్ళ పైన రెండు టార్చిలైటు బల్బులు, వెనక నుంచి వైర్లు, నడుం దగ్గర రెండు బ్యాటరీలు. స్టేజీ ఎక్కగానే ఒక బల్బు ఆరిపోయింది. జనం ఘొల్లుమన్నారు. నేను మాత్రం చివరిదాకా మాస్కు తియ్యకుండా నిలబడ్డాను. కన్సొలేషన్ ప్రైజు కింద సోపు డబ్బా ఇచ్చారు. "మా నాన్న చేసిన రోబో" కథని నేను కాలేజీలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, నాన్న పోయిన రోజు వచ్చినవాళ్ళకి కూడా చెప్పాను.

మళ్ళీ అదే పనికి కూర్చున్నాను కాబట్టి, ఇలా వెలిగే వేషాలు ముందెవరు వేశారో చూద్దామని రాత్రిళ్ళు చదవడం మొదలుపెట్టాను. స్టార్ వార్స్ దగ్గర మొదలవుతుందనుకున్న కథ దానికి దాదాపు వందేళ్ళ ముందు, లండన్‌లో మొదలైంది.

1881లో తెరిచిన సవాయ్ థియేటర్ పూర్తిగా కరెంటు దీపాలతో వెలిగిన మొదటి నాటకశాల. జోసెఫ్ స్వాన్ తయారుచేసిన బల్బులు సుమారు 1200 అక్కడ బిగించారు. మరుసటేడు నవంబర్‌లో గిల్బర్ట్, సలివన్‌ల 'అయొలాంతే' ఆడినప్పుడు ముఖ్యమైన దేవకన్యల జుట్టులో చిన్న చిన్న బల్బులు పెట్టి, బ్యాటరీలు దుస్తుల్లో దాచారు. మన పెళ్ళి పందిళ్ళకి వేలాడే సీరియల్ బల్బుల్ని ఇంగ్లీషువాళ్ళు 'ఫెయిరీ లైట్స్' అనడానికి మూలం ఈ నాటకమేనంటారు.

1883 మార్చిలో న్యూయార్క్‌లో వాండర్‌బిల్ట్ కుటుంబం ఇచ్చిన విందుకి ఆ ఇంటి కోడళ్ళలో ఒకరైన ఆలిస్ వాండర్‌బిల్ట్ 'ఎలక్ట్రిక్ లైట్' వేషంలో వెళ్ళింది. బంగారు, వెండి జరీ పనితో శాటిన్ గౌను, పైకెత్తిన చేతిలో బల్బు. ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం అదే ఊళ్ళో మొదలై అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. అంటే మనం ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ వేషం అంటున్నది అప్పట్లో రేపటి పేపర్లో వచ్చే వార్త. ఆ గౌను ఇప్పటికీ న్యూయార్క్ నగర మ్యూజియంలో ఉంది. వేసుకున్నావిడ పేరు ఉంది, పారిస్‌లో కుట్టించిన వర్త్ కంపెనీ పేరు ఉంది. ఆ జరీ పూసలు ఒక్కొక్కటే కుట్టిన చేతులు ఎవరివో ఎక్కడా కనిపించలేదు. చదివేటప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇవి నాటక కంపెనీల, కోటీశ్వరుల ముచ్చట్లు. ఇంట్లో కుట్టుకున్న సైన్స్ ఫిక్షన్ వేషం కావాలంటే 1939 జులై దాకా రావాలి. న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. సుమారు రెండొందల మంది వచ్చారు. అందులో ఇద్దరు మాత్రం భవిష్యత్తులోంచి దిగినట్టు వేషాలు వేసుకొచ్చారు. ఒకడు ఫారెస్ట్ అకర్‌మన్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఆకుపచ్చ కేపు, వదులు పంట్లాము. రెండో ఆవిడ మిర్టిల్ డగ్లస్, స్నేహితుల్లో 'మొరోజో'. 1936లో వచ్చిన 'థింగ్స్ టు కమ్' సినిమాలోని దుస్తులు, పత్రికల్లో ఫ్రాంక్ పాల్ వేసే బొమ్మలు చూసి చేసిన వేషాలవి. తర్వాత దశాబ్దాల పాటు ఈ వేషాల కథ ఎక్కువగా అకర్‌మన్ కథగానే చెప్పుకున్నారు. ఆ రెండు వేషాలూ ఊహించిందీ, కుట్టిందీ మొరోజో. ఆవిడ 1964లో చనిపోయింది. కాస్‌ప్లే అనే మాట పుట్టడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ళు ఉంది.

మరుసటేడు షికాగో సభలో వేషాల పోటీయే పెట్టారు. ఫ్లాష్ గోర్డన్ కథల్లోని ప్రతినాయకుడు మింగ్‌గా వచ్చిన డేవిడ్ కైల్‌కి బహుమతి వచ్చింది. ఆ వేషం తయారుచేసింది లెస్లీ పెరీ, తనూ రచయిత్రే. ఇక్కడికొచ్చాక నాకు కాస్త అనుమానం తగిలింది. వరసగా ఒకటే కథ చదువుతున్నానేమో అని.

పిల్లల సంగతి వేరే దారిలో నడిచింది. వాళ్ళ దగ్గరికి భవిష్యత్తు ఎక్కువగా కొట్టు నుంచే వచ్చింది. ఆర్థికమాంద్యం రోజుల్లోనే, 1934లో, డైసీ కంపెనీ బక్ రోజర్స్ రాకెట్ పిస్టల్ బొమ్మని అమ్మింది. తర్వాత బెన్ కూపర్ లాంటి కంపెనీల హాలోవీన్ డబ్బాలు వచ్చాయి. పల్చటి ప్లాస్టిక్ మొహం, వెనక రబ్బరు దారం, ఒంటికి వినైల్ చొక్కా. చాలా వాటికి ఆ పాత్ర బొమ్మ, పేరు ఛాతీ మీదే అచ్చేసి ఉండేవి. అంటే వేషం వేసినవాడు ఎవరో చొక్కా చదివి తెలుసుకోవాలి! 1977లో స్టార్ వార్స్ వచ్చినప్పుడు ఆ సినిమా బొమ్మలకి ఎంత గిరాకీ అంటే, క్రిస్మస్‌కి సరుకు అందించలేక కెనర్ కంపెనీ ఖాళీ అట్టపెట్టె అమ్మింది. లోపల ఒక కాగితం: బొమ్మలు తర్వాత పంపిస్తాం అని.

వేషంలో వెలుగు చేరాలంటే మాత్రం చాలాకాలం ధైర్యం కావాల్సి వచ్చింది. 1956లో జపాన్ కళాకారిణి అత్సుకో తనాకా రంగులేసిన బల్బులు సుమారు రెండొందలు, వాటి వైర్లతో సహా ఒంటికి వేసుకుని నిలబడింది. 'ఎలక్ట్రిక్ డ్రెస్' అని దానికి పేరు. అందమైనదే, కానీ కాలుతుంది, షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. పిల్లలకి పనికొచ్చే వెలుగు 1962లో నిక్ హొలోన్యాక్ చేసిన ఎర్ర ఎల్‌ఈడీతో మొదలైంది. టార్చిలైటు బల్బు 300 మిల్లీ ఆంపియర్లు తాగితే, ఎల్‌ఈడీకి 20 చాలు. వేడి దాదాపు ఉండదు. నీలం రంగుకి మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ 1990ల్లో గానీ బజారుకి రాలేదు. అకసాకి, అమానో, నకముర, ఈ ముగ్గురికీ దానికే 2014లో నోబెల్ ఇచ్చారు. 1986లో నేను నీలం కళ్ళు కావాలని ఏడ్చినా నాన్న గాజుకి రంగు కాగితం అంటించడం తప్ప ఏమీ చెయ్యలేడన్నమాట.

కోఠీ గుజరాతీ గల్లీలో నీలం ఎల్‌ఈడీలు డజను కొన్నాను. నీలానికి 3 వోల్టుల పైన కావాలి, అందుకని మూడు పెన్సిల్ సెల్స్, ఒక్కో ఎల్‌ఈడీకి 68 ఓమ్‌ల రెసిస్టర్. బటన్ సెల్స్ తేలికే గానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాటి జోలికి పోకూడదు. మింగితే రెండు మూడు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తాయి. అట్ట కోశాను, వెండి రంగు కొట్టాను, సోల్డరింగ్ చేశాను. రాత్రి తొమ్మిదింటికి స్విచ్ వేస్తే కళ్ళు ధగధగా వెలిగాయి. ఫొటో తీసి అందరికీ పంపాను.

వాడు పెట్టుకున్నాడు. అర నిమిషంలో పీకేసి నేల మీద పడేశాడు. "గుచ్చుకుంటోంది. ఏం కనబడట్లేదు. ఊపిరాడట్లేదు," అని ఏడుపు. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడితే విలువ లేదా అని కూడా అన్నట్టున్నాను, ఏడేళ్ళవాడితో.

అమ్మ వంటింట్లోంచి వచ్చి మాస్కు తీసుకుంది. తిప్పి చూసింది. నేను పది రోజులూ దాన్ని బయటి వైపు నుంచే చూశాను. ఆవిడ నేరుగా లోపలి వైపు చూసింది. ఎల్‌ఈడీ వెలుగు వెనక్కి చిమ్మి వాడి కళ్ళలోనే పడుతోంది. రెసిస్టర్ కాళ్ళు ముక్కు పక్కన పొడుచుకుని ఉన్నాయి. గాలికి దారే లేదు.

"మీ నాన్న కూడా ఇలాగే చేశాడు," అంది.

"ఎలా?"

"ముందు రోజు రాత్రి నువ్వూ ఇలాగే పీకి పారేశావు. బల్బు వేడికి నుదురు ఎర్రగా కందిపోయింది. రేపు వెళ్ళనని ఏడ్చి ఏడ్చి పడుకున్నావు. మీ నాన్న అలిగి కొట్టుకి వెళ్ళిపోయాడు. నేనే నా పాత నేత చీర చింపి, రెండు మడతలేసి లోపలంతా కుట్టాను. బ్యాటరీలకి నిక్కరు లోపల జేబు కూడా."

ఇవేవీ నాకు గుర్తు లేవు. నిద్రపోయాను కదా. కానీ ఒకటి మాత్రం గుర్తుంది: ఆ మాస్కు మొహానికి మెత్తగా ఉండేది. అట్ట మెత్తగా ఎలా ఉంటుందని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

మొరోజో గురించి ముందు రాత్రే చదివి, అకర్‌మన్ కథ చెప్పుకున్నవాళ్ళ మీద జాలిపడి పడుకున్నవాణ్ణి నేను.

అమ్మ పాత కాటన్ చీర తెచ్చింది. ఎల్‌ఈడీల వెనక నల్ల ఇన్సులేషన్ టేపు వెయ్యమంది, వేశాను. ముక్కు కింద పెద్ద కంత కోయమంది, కోశాను. సూదిలో దారం మాత్రం నన్ను ఎక్కించమంది, ఇప్పుడు ఆవిడకి కనబడట్లేదు. పదకొండున్నరకి అయింది. నిద్రలోనే వాడి మొహానికి ఒకసారి ఆనించి చూసి, పక్కన పెట్టింది.

వాడికి మూడో బహుమతి వచ్చింది. మైకులో టీచర్ "ఎవరు చేశారు నాన్నా ఇది?" అని అడిగితే మాస్కు తియ్యకుండానే "మామయ్య!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్క కుర్చీలో అమ్మ కూడా కొట్టింది.

లేచి చెబుదామనుకున్నాను. ఈలోగా తర్వాతి పిల్లని, అల్లూరి సీతారామరాజుని, పిలిచేశారు.