బడి తలుపు ఎవరు తియ్యాలి?

2022 సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మావాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. షికాగోలో బడులు తెరవడానికి మేయరుకూ టీచర్లకూ మధ్య ఆ కొట్లాట ఏమిటని. వాళ్లు ఆశ్చర్యపోవడంలో వింతేమీ లేదు. అదే నెలలో ఒమిక్రాన్ వల్ల తెలంగాణ ప్రభుత్వం సంక్రాంతి సెలవులను జనవరి 30 దాకా పొడిగించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొడిగించకుండా 17నే బడులు తెరిచింది. ఏది సరైనదన్న చర్చ మన దగ్గరా గట్టిగానే జరిగింది. కానీ నిర్ణయం రాష్ట్రమంతటికీ ఒక్కటే. హైదరాబాదులో ఉత్తర్వు వెలువడితే ఆదిలాబాదులో బడి గంట దాని ప్రకారమే మోగుతుంది.

అమెరికాలో 13 వేల దాకా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. ఒక్కోదానికి సొంత బోర్డు, సొంత బడ్జెటు, సొంత సెలవుల పట్టిక, చాలాచోట్ల సొంత పన్ను. 2020 మార్చిలో బడులు మూసినప్పుడు గవర్నర్లు ఆదేశాలిచ్చారు. తిరిగి తెరిచే భారం మాత్రం చాలా రాష్ట్రాల్లో ఈ డిస్ట్రిక్టుల నెత్తినే పడింది. అందుకే 2021 జనవరిలో క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు ముగిసేసరికి ఒక ఊళ్లో పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కారు. పక్క ఊళ్లో ఇంట్లోనే ల్యాప్‌టాప్ తెరిచారు. ఆ పక్క ఊళ్లో వారానికి రెండు రోజులు బడికి వెళ్లి, మిగతా రోజులు ఆన్‌లైన్ క్లాసులు విన్నారు. ఈ తీరు కరోనాతో వచ్చింది కాదు. మూడున్నర శతాబ్దాలకు పైగా ఇక్కడ బడి నడుస్తున్న పద్ధతే ఇది. నేనుంటున్న షికాగో కథ చెబితే 2022 జనవరి తగువు ఎందుకు అంత ముదిరిందో మీకు తెలుస్తుంది.

అమెరికా రాజ్యాంగంలో చదువు ప్రస్తావనే లేదు. దేశం పుట్టకముందే బడి ఊరి బాధ్యతగా స్థిరపడిపోయింది. 1647లో మసాచుసెట్స్ వలసలో ఒక చట్టం చేశారు. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి. 100 కుటుంబాలుంటే గ్రామర్ స్కూలు కూడా నడపాలి. ఖర్చు ఊరివాళ్లదే. స్వాతంత్ర్యం వచ్చాక 1785లో పడమటి భూములను కొలిచి అమ్మడానికి నిబంధనలు రాసినప్పుడు, ఒక్కో టౌన్‌షిప్పును 36 భాగాలు చేసి, చదరపు మైలు విస్తీర్ణం ఉండే 16వ భాగాన్ని బడి కోసం కేటాయించారు. ఆ నేలంతా మూలవాసుల నుంచి తీసుకున్నదేనని ఇక్కడే చెప్పాలి. అది చెప్పకుండా ఈ దేశంలో ఏ చరిత్రా నిజాయితీగా మొదలుకాదు.

షికాగోలో ఆ 16వ భాగం ఇప్పటి నగరం నడిబొడ్డున పడింది. స్టేట్ వీధీ మాడిసన్ వీధీ కలిసే మూల నుంచి దక్షిణంగా, పడమరగా ఒక మైలు. ఆకాశహర్మ్యాలు నిలబడ్డ నేల అది. 1833లో, షికాగో ఇంకా కొన్ని వందల జనం ఉన్న ఊరుగా ఉన్నప్పుడు, కొద్ది బ్లాకులు మినహా అదంతా 40 వేల డాలర్ల లోపుకే అమ్మేశారు. కౌలుకిచ్చి నిలుపుకుని ఉంటే తరతరాల పిల్లల చదువు దాని రాబడి మీదే గడిచేది. అది చేజారడంతో ఊరి బడుల బతుకు ఆస్తి పన్ను మీద పడింది. ఇవాళ్టికీ ఈ రాష్ట్రంలో బడి ఖర్చులో పెద్ద వాటా ఇళ్ల మీద, దుకాణాల మీద కట్టే పన్నుదే. ఇళ్ల ధరలు ఎక్కువున్న చోట బడి కళకళలాడుతుంది. పేదపేటలో పైకప్పు కారుతుంది. నేపర్‌విల్, అరోరా లాంటి శివారు ఊళ్లలో మన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు మొట్టమొదట కనుక్కునేది అది ఏ స్కూల్ డిస్ట్రిక్టు కిందికి వస్తుందనే.

పన్ను మీద ఆధారపడ్డ బడిలో టీచరు జీతమూ పన్ను మీదే ఆధారపడుతుంది. షికాగో టీచర్లు ఈ సంగతిని చాలా ముందే పట్టుకున్నారు. 1897లో ప్రాథమిక బడుల టీచర్లు, దాదాపు అందరూ మహిళలే, సంఘం పెట్టుకున్నారు. మార్గరెట్ హేలీ వారి నాయకురాలు. జీతాలు పెంచడానికి డబ్బు లేదని బోర్డు చెప్పినప్పుడు ఆమె పన్ను రికార్డులు తిరగేసింది. గ్యాసు, విద్యుత్తు, టెలిఫోను, ట్రాము కంపెనీలు తమ ఫ్రాంచైజీల విలువ మీద పన్ను ఎగవేస్తున్నాయని తేల్చి కోర్టుకెక్కింది. 1901లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు టీచర్ల పక్షాన తీర్పు చెప్పింది. అప్పటికి ఈ దేశంలో మహిళలకు దేశవ్యాప్తంగా ఓటు హక్కు రావడానికి ఇంకా 19 ఏళ్లుంది. మహామాంద్యం రోజుల్లో నగరం దగ్గర డబ్బులేక టీచర్లకు నెలల తరబడి జీతాలు రాలేదు. 1933లో వాళ్లు నగరం మధ్యలోని బ్యాంకుల్లోకే ఊరేగింపుగా వెళ్లి నిలదీశారు. ఆ కష్టాల్లోంచి 1937లో షికాగో టీచర్స్ యూనియన్ పుట్టింది. 2021లోనూ, 2022లోనూ మేయరుకు ఎదురు నిలిచింది ఈ యూనియనే.

అంటువ్యాధి వచ్చినప్పుడు బడి తెరవాలా మూయాలా అన్న ప్రశ్న కూడా షికాగోకు కొత్తది కాదు. క్షయ భయం ఉన్న 1909 ప్రాంతంలో ఇక్కడ ఆరుబయలు బడులు మొదలుపెట్టారు. నీళ్లు గడ్డకట్టే చలిలో కిటికీలు బార్లా తెరిచి, పిల్లలకు మందపాటి కోట్లు తొడిగి పాఠాలు చెప్పేవారు. ధారాళమైన గాలి ఆడితే జబ్బు తగ్గుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది. 1918లో స్పానిష్ ఫ్లూ విజృంభించినప్పుడు దేశంలో చాలా నగరాలు బడులు మూశాయి. న్యూయార్కు, న్యూ హేవెన్, షికాగో మాత్రం తెరిచే ఉంచాయి. ఇరుకు ఇళ్లలో కన్నా, డాక్టరూ నర్సూ రోజూ చూసే బడిలోనే పిల్లలు క్షేమంగా ఉంటారని అధికారులు వాదించారు. అయినా చాలామంది తల్లిదండ్రులు పిల్లలను పంపలేదు. తలుపు తెరవడం అధికారుల చేతిలో పనే. పిల్లవాడిని గడప దాటించడం తల్లి చేతిలో ఉంటుంది.

1937 సెప్టెంబరులో పోలియో వల్ల షికాగో బడులు సమయానికి తెరుచుకోలేదు. అప్పుడు డిస్ట్రిక్టు చేసిన పని తెలిస్తే మీకు 2020 గుర్తుకొస్తుంది. ఆరు రేడియో స్టేషన్లు ఉచితంగా సమయమిచ్చాయి. 3వ తరగతి నుంచి 8వ తరగతి దాకా దాదాపు 3 లక్షల 15 వేల మంది పిల్లలకు పావుగంట పావుగంట చొప్పున పాఠాలు ప్రసారమయ్యాయి. ఏ తరగతికి ఏ పాఠం ఎన్నింటికో, ఏ ప్రశ్నలకు జవాబులు రాయాలో ఉదయం పత్రికల్లో అచ్చయ్యేది. సందేహాలు తీర్చడానికి టీచర్లు టెలిఫోన్ల దగ్గర కూర్చున్నారు. రేడియో లేని ఇళ్ల పిల్లలు, సిగ్నల్ సరిగా అందని పేటల పిల్లలు వెనకబడ్డారు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని ఇళ్ల గురించి మనం బాధపడింది కూడా ఇందుకే.

ఇక షికాగోలో నమ్మకం ఎలా చెడిందో చెప్పాలి. అసలు విషయం అదే. 1960ల్లో నల్లజాతి పేటల బడులు కిటకిటలాడుతుంటే పిల్లలకు రెండు షిఫ్టులు పెట్టారు. దగ్గరలోని తెల్లవాళ్ల బడుల్లో ఖాళీలున్నా వాళ్లను అక్కడికి పంపలేదు. బడి ఆవరణల్లో చక్రాల మీద కదిలే గదులు తెచ్చి పెట్టారు. 1963 అక్టోబరు 22న 2 లక్షల మందికి పైగా విద్యార్థులు బడి మానేసి నిరసన తెలిపారు. ఆ రోజు చాలామంది చర్చిల్లో ఏర్పాటు చేసిన స్వేచ్ఛా పాఠశాలలకు వెళ్లారు. 1995లో రాష్ట్రం చట్టం చేసి బడులను మేయరు చేతికిచ్చింది. బోర్డు సభ్యులను ఆయనే నియమించేవాడు. చుట్టూ ఉన్న ఊళ్లలో బోర్డును జనం ఎన్నుకుంటుంటే నగరంలో మాత్రం ఆ హక్కు ఉండేది కాదు. 2013లో దాదాపు 50 బడులను ఒకేసారి మూసేశారు. వాటిలో అత్యధికం దక్షిణ, పడమటి దిక్కుల్లోని నల్లజాతి పేటల్లోనివే. సభల్లో తల్లులు ఏడ్చి చెప్పినా వినిపించుకున్నవారు లేరు. 2012లో, 2019లో టీచర్ల సమ్మెలు జరిగాయి.

ఇన్నింటి తర్వాత 2021 జనవరి వచ్చింది. అప్పటికి పది నెలలుగా చదువంతా ఆన్‌లైన్‌లోనే. డిస్ట్రిక్టు చేతులు కట్టుకు కూర్చోలేదు. లక్ష మంది దాకా పిల్లలకు ఉచితంగా ఇంటర్నెట్ ఇచ్చే పథకం పెట్టింది. మూసిన బడుల గుమ్మాల దగ్గరే భోజనం పొట్లాలు పంచింది. ప్రతి తరగతి గదికీ గాలి శుద్ధి చేసే యంత్రం కొన్నది. జనవరి 11న బడి ఈడు కన్నా చిన్నపిల్లలను, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను తిరిగి రప్పించింది. నెలాఖరుకు టీచర్లు ఇంటి నుంచే చెబుతామని ఓటు వేశారు. వచ్చిన పిల్లలు మళ్లీ ఇంటికే పరిమితమయ్యారు. టీచర్లకు టీకాల విషయం, జబ్బు ఎంత పెరిగితే మూయాలన్న విషయం తేలి, ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. ఐదో తరగతి దాకా పిల్లలు మార్చి 1న, ఆపై ఎనిమిదో తరగతి దాకా మార్చి 8న, హైస్కూలు పిల్లలు ఏప్రిల్ 19న వచ్చారు.

వచ్చినవాళ్లెవరో గమనిస్తే మనసు కలుక్కుమంటుంది. బడికి పంపుతారా, ఇంటి నుంచే చదివిస్తారా అని డిస్ట్రిక్టు కుటుంబాలను అడిగింది. పంపుతామన్నవారు తెల్లవారి కుటుంబాల్లో ఎక్కువ. నల్లజాతి, లాటినో, ఆసియా కుటుంబాల్లో చాలా తక్కువ. నల్లజాతి, లాటినో పేటల్లోనే కరోనా మరణాలు ఎక్కువ. నాయనమ్మలూ మనవలూ ఒకే ఇంట్లో ఉండేదీ అక్కడే. మా వీధిలో మనవడిని పెంచుతున్న ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇప్పటికీ మరవలేను. తను పనిచేసిన బడిని 2013లో మూసినప్పుడు కూడా పిల్లల మేలుకే అన్నారట. ఇప్పుడూ అదే అంటుంటే ఎలా నమ్మను అని అడిగింది. యంత్రాలు పెట్టామన్న ప్రకటనతో ఆమెకు ధైర్యం రాదు. ఆ ప్రకటన చేసిన చేతుల మీద ఆమెకు నమ్మకం పోయి అప్పటికే ఎనిమిదేళ్లు అవుతోంది.

ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే కథ. 2021 డిసెంబరు సెలవులకు ముందు డిస్ట్రిక్టు పిల్లలకు కరోనా పరీక్ష కిట్లిచ్చి, ఇంట్లో చేసుకుని పంపమంది. కొరియర్ పెట్టెలు నిండిపోయి కిట్లు బయటే గుట్టపడ్డాయి. ఫలితాల్లో ఎక్కువ భాగం చెల్లకుండా పోయాయి. 2022 జనవరి 3న బడులు తెరుచుకున్నాయి. 4వ తేదీ రాత్రి యూనియన్ సభ్యుల్లో ఓటేసినవారిలో 73 శాతం ఆన్‌లైన్ పాఠాలకే మొగ్గారు. మేయర్ లోరీ లైట్‌ఫుట్ దానికి ఒప్పుకోలేదు. డిస్ట్రిక్టు క్లాసులనే రద్దు చేసింది. ఐదు బడిరోజులు బడీ లేదు, ఆన్‌లైనూ లేదు. మాస్కులు, పరీక్షలు, ఒక బడిని ఎప్పుడు ఆన్‌లైన్‌కు మార్చాలన్న లెక్క కుదిరాక 12న పిల్లలు తిరిగొచ్చారు.

రెండు పక్షాలూ పిల్లల పేరే చెప్పాయి. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇంట్లో ఒంటరిగా తెర ముందు కూర్చున్న పిల్లలు నష్టపోయారు. అందులో పేదింటి పిల్లల నష్టమే ఎక్కువ. కిటికీలు తెరుచుకోని పాత భవనంలో ముప్పైమంది మధ్య నిలబడే టీచరు భయమూ నిజమే. కానీ మాట ఇచ్చేవాడి మీద గురి లేనప్పుడు ఎంత మంచి మాటైనా బేరంగానే వినిపిస్తుంది. బేరం తెగేదాకా నష్టపోయేది పిల్లలు. ఊరి బడి ఊరి చేతిలో ఉండాలన్న అమెరికా సూత్రాన్ని నేను మనసారా గౌరవిస్తాను. షికాగోలో ఆ సూత్రమే సగం తెగింది. పన్ను ఊరిది, పిల్లలు ఊరివాళ్లు, నిర్ణయం మాత్రం మేయరుది. చివరకు 2021లో రాష్ట్రం మరో చట్టం చేసింది. 2024 నవంబరులో నగర ప్రజలు మొదటిసారి స్కూలు బోర్డు సభ్యుల్లో కొందరిని ఎన్నుకున్నారు. 21 మందీ ఎన్నికైన బోర్డు 2027 జనవరిలో రావాలి.

మనకు వేరే చట్టం అవసరం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే. ఏ జబ్బూ లేని మామూలు రోజుల్లోనే ఆ కమిటీ సమావేశానికి వెళ్లండి. గదుల్లో గాలి ఆడుతోందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, రేపు బడి మూతపడితే ఫోనూ టీవీ లేని పిల్లవాడికి పాఠం ఎలా చేరుతుందో అడగండి. వచ్చిన జవాబును తీర్మానంగా రాయించండి. వచ్చే నెల వెళ్లి ఆ పని జరిగిందో లేదో చూడండి. అలా చూసుకున్న ఊరికి, తలుపు తెరవాల్సిన రోజు వచ్చినప్పుడు ఎవరి మాట నమ్మాలో ముందే తెలిసి ఉంటుంది.