నీటి అడుగున దిక్సూచి: ముల్లు నుంచి సెన్సార్ దాకా

నీటి అడుగున ఈదే డైవర్‌కు దిక్కు తెలిపే ఆనవాళ్లు చాలా తక్కువ. ఒడ్డు కనిపించదు, సూర్యుడి జాడ తెలియదు. మట్టి కలిసిన నీటిలో చూపు ఒక్కోసారి చాచిన చేయి దాకా కూడా ఆనదు. ధ్వని గాలిలో కంటే నీటిలో నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి, పడవ ఇంజన్ చప్పుడు వినిపించినా అది ఏ వైపు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని మాత్రం నీరు అడ్డుకోదు. ఆ ఒక్క ఆధారాన్ని నమ్మకంగా చదవడానికి జరిగిన ప్రయత్నాలే డైవర్ కంపాస్ చరిత్ర. ముల్లు కంపాస్ మేలా, డిజిటల్ కంపాస్ మేలా అన్న ఇప్పటి ప్రశ్నకు జవాబు కూడా ఆ చరిత్రలోనే ఉంది.

అయస్కాంత సూది సరిగ్గా దక్షిణాన్ని చూపదని, కాస్త తూర్పుకు ఒరుగుతుందని చైనా పండితుడు షెన్ కువో 1088 ప్రాంతంలోనే రాశాడు. ఐరోపాలో పీటర్ పెరిగ్రినస్ 1269లో రాసిన లేఖలో మొన మీద తిరిగే సూదిని వర్ణించాడు. ఇలాంటి పొడి దిక్సూచి ఊగే ఓడలో నిలకడగా ఉండదు. ఆ ఊపును తగ్గించడానికి ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ క్రో 1813లో ద్రవం నింపిన దిక్సూచికి పేటెంట్ పొందాడు. అమెరికాలో ఎడ్వర్డ్ రిచీ 1860లలో దాన్ని నౌకాదళం వాడదగిన సాధనంగా తీర్చాడు. ద్రవం ముల్లు అదురును అణచింది, మొన మీద బరువును తగ్గించింది. ఓడల కోసం చేసిన ఈ ఏర్పాటు తర్వాతి కాలంలో డైవర్లకు మరో విధంగా కలిసొచ్చింది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. గాలి ఉన్న డబ్బాను ఆ ఒత్తిడి నలిపేస్తుంది కానీ, ద్రవం దాదాపుగా కుంచించుకోదు.

నీటి కిందకు వెళ్లిన యంత్రాలు మొదట ఎంచుకున్న దారి వేరు. ఉక్కు జలాంతర్గామి లోపల అయస్కాంత సూదిని నమ్మడం కష్టం. జలాంతర్గామిలో మంచు కింద నుంచి ఉత్తర ధ్రువానికి చేరాలని ఆలోచించిన జర్మన్ హెర్మన్ అన్‌షూట్జ్-కెంఫే, ఆ ఇబ్బంది దాటడానికే అయస్కాంతంతో పనిలేని గైరో దిక్సూచిని రూపొందించాడు. 1908లో జర్మన్ యుద్ధనౌక డాయిచ్‌లాండ్ మీద దాన్ని పరీక్షించారు. అయితే అది ఓడలో బిగించే యంత్రం. చేతికి కట్టుకునే సాధనం కావలసిన డైవర్‌కు అయస్కాంత ముల్లే గతి అయింది.

ఆ ముల్లుకు గట్టి పరీక్ష పెట్టింది రెండో ప్రపంచ యుద్ధం. ఇటలీ నౌకాదళపు ఈతగాళ్లు మయాలే అనే మానవ టార్పిడోల మీద కూర్చుని శత్రు రేవుల్లోకి చొరబడేవారు. 1941 డిసెంబర్ 18-19 రాత్రి షిరే అనే జలాంతర్గామి నుంచి బయలుదేరిన ఆరుగురు అలెగ్జాండ్రియా రేవులోకి చేరి, వేలియంట్, క్వీన్ ఎలిజబెత్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. ఇలాంటి పని చీకట్లోనే సాగాలి కాబట్టి అంకెలు వాటంతటవే వెలగాలి. ఫ్లోరెన్స్‌కు చెందిన పనెరాయ్ సంస్థ ఈ దళానికి రేడియం కలిపిన పూతతో మెరిసే గడియారాలను, చేతి కంపాస్‌లను సమకూర్చింది. సైనిక ఈతగాళ్లు తర్వాత కంపాస్‌ను, లోతు మీటరును, గడియారాన్ని ఒకే పలకకు బిగించి రెండు చేతులతో ముందు పట్టుకుని ఈదే పద్ధతికి అలవాటుపడ్డారు. దిక్కు, లోతు, కాలం ఒక్క చూపులో తెలిస్తేనే గుడ్డి నీటిలో గమ్యం చేరగలరు.

1943లో కుస్టో, గన్యాన్‌లు నీటి కింద ఊపిరి తీసుకోవడానికి ఆక్వాలంగ్ అనే సాధనాన్ని రూపొందించాక డైవింగ్ క్రమంగా సామాన్యులకూ అందింది. వారి చేతికి కంపాస్ ఫిన్లాండ్ నుంచి వచ్చింది. అడవుల్లో మ్యాపు చూస్తూ పరుగెత్తే పోటీల మీద మక్కువ ఉన్న ఇంజనీర్ తువోమాస్ వోహ్లోనెన్, ముల్లు త్వరగా కుదురుకునే ద్రవ కంపాస్‌ను పెద్ద సంఖ్యలో తయారుచేసే పద్ధతి కనిపెట్టి 1936లో సూంటో సంస్థను నెలకొల్పాడు. తన సూంటో కంపాస్ నీటి కింద కూడా పనిచేస్తోందని ఒక బ్రిటిష్ డైవర్ గమనించడంతో, 1965లో డైవర్ల కోసమే ప్రత్యేకమైన కంపాస్ తెచ్చామని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది.

ఈ కంపాస్ వాడే తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. దాని మీద పొడవుగా గీసిన గీతను గమ్యం వైపు గురిపెట్టాలి. ముల్లు కుదురుకున్నాక చుట్టూ ఉన్న రింగును తిప్పి, దాని మీది రెండు గాట్ల మధ్యకు ముల్లు ఉత్తరపు కొనను తేవాలి. కొన అక్కడే ఉన్నంతసేపూ దారి సరైనదే. వెనక్కి రావాలంటే ముల్లు రెండో కొన గాట్ల మధ్యకు వచ్చేదాకా ఒంటిని తిప్పితే చాలు. కంపాస్ లేని చేతిని ముందుకు చాచి, కంపాస్ ఉన్న చేత్తో ఆ మోచేతిని పట్టుకుంటే కంపాస్ కళ్ల ఎదుట, ఒంటికి సూటిగా నిలుస్తుంది. ఒళ్లు గీతకు వంకరగా ఉంటే ముల్లు ఎంత నిజం చెప్పినా ఈత పక్కకు పోతుంది. 5 డిగ్రీల తప్పుతో 100 మీటర్లు ఈదితే దాదాపు 9 మీటర్లు పక్కన తేలతారు. చూపు 5 మీటర్లే ఆనే నీటిలో పడవ లంగరు తాడు తప్పిపోవడానికి అంత తేడా చాలు.

ముల్లుకు రెండు బలహీనతలు ఉన్నాయి. కంపాస్ ఎక్కువగా వంగితే ముల్లు డబ్బాకు తగిలి ఆగిపోతుంది. పైగా భూమి అయస్కాంత క్షేత్రం అడ్డంగా మాత్రమే కాక నేలలోకి కూడా ఒరుగుతుంది. ఆ వాలు ఫిన్లాండులో 70 డిగ్రీలు దాటుతుంది, విశాఖపట్నం దగ్గర అందులో సగం కూడా ఉండదు. అందువల్ల ముల్లును ప్రాంతానికి తగ్గట్టు తూకం వేసి చేస్తారు. ఉత్తర ఐరోపాకు చేసిన ముల్లు మరో అర్ధగోళంలో ఒక పక్కకు కుంగుతుంది.

ఈ రెండు చిక్కులనూ విప్పింది ఎలక్ట్రానిక్స్. ఒక లోహపు విద్యుత్ నిరోధం అయస్కాంత క్షేత్రంలో మారుతుందని విలియం థామ్సన్ 1850లలోనే చూపాడు. 1930లలో, 40లలో అమెరికాలో విక్టర్ వాకియే వృద్ధిచేసిన, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఫ్లక్స్‌గేట్ సాధనం యుద్ధంలో జలాంతర్గాములను ఆకాశం నుంచి పసిగట్టడానికి పనికొచ్చింది. సెన్సార్లు చిప్పు పరిమాణానికి తగ్గాక అవి డైవర్ మణికట్టుకు ఎక్కాయి. 2004లో వచ్చిన సూంటో డి9 డైవ్ కంప్యూటర్‌లో డిజిటల్ కంపాస్ ఇమిడి ఉంది. మూడు దిశల్లో క్షేత్రాన్ని కొలిచే సెన్సార్, గురుత్వాన్ని బట్టి వాలును పసిగట్టే మరో సెన్సార్ కలిసి పనిచేసే రకాల్లో చేయి వంగినా అంకె చెదరదు. ఎంచుకున్న దిశను అది గుర్తుంచుకుని, దారి తప్పితే ఎటు తిరగాలో బాణంతో చూపుతుంది. రాత్రిపూట తెర తానే వెలుగుతుంది.

కొలిచే క్షేత్రం మాత్రం పాతదే. ఉక్కు సిలిండర్, అయస్కాంతపు స్విచ్ ఉన్న టార్చి, మునిగిన ఓడ ఇనుము ముల్లును తప్పుదారి పట్టించినట్టే సెన్సార్‌నూ పట్టిస్తాయి. బ్యాటరీ మార్చాక, దూరప్రాంతానికి వెళ్లాక చాలా రకాలను నలువైపులా తిప్పి మళ్లీ సరిచేసుకోవాలి. బ్యాటరీ అయిపోయినా, లోపలికి నీరు చొరబడినా ఆ క్షణమే దిక్కు పోతుంది. ముల్లు కంపాస్ చెడేటప్పుడు సాధారణంగా బుడగ కనిపిస్తుంది, ముల్లు బరువుగా కదులుతుంది. ప్రవాహం డైవర్‌ను పక్కకు నెట్టుకుపోతే ఆ సంగతి రెండింటిలో ఏదీ చెప్పదు.

అందుకే ఈ ఎంపిక పనిని బట్టి జరగాలి. ఒడ్డు దగ్గర, నీరు తేటగా ఉన్నచోట పోయి వచ్చే ఈతకు ముల్లు కంపాస్ సరిపోతుంది. రాత్రి డైవింగ్‌కు, కోణాలు లెక్కపెట్టి చేసే గాలింపుకు, పలు మలుపులున్న దారికి డిజిటల్ కంపాస్ సౌకర్యం. అది వాడే డైవర్ దగ్గర కూడా ఒక ముల్లు కంపాస్ ఉండాలి, దాంతో దారి పట్టడం వచ్చి ఉండాలి. నీటిలో దిగేముందు రెండింటినీ ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడనంత దూరంలో, పడవ ఇనుముకు ఎడంగా పట్టుకుని ఒకే గుర్తు వైపు చూపించి అంకెలు సరిపోల్చుకోవాలి. తేడా వస్తే కారణం తేలేదాకా ఏ ఒక్కదాన్నీ నమ్మి దిగకూడదు.